కీళ్లయందలి మృదులాస్థియు, దానిని కరగించు ఎంజైములును

(సంతబొమ్మాళిలో జరిగిన మన వార్షిక మహాసభయందు మేము చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు ఏదేని యొక శాస్త్రవిషయమును గూర్చి ప్రసంగింపుడని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరిరి. మేము ముప్పది సంవత్సరములు పాఠశాలలలో రసాయనశాస్త్రమును బోధించి విశ్రాంతి గైకొన్నవారము. వైద్యులము కాము. కావున మేము చెప్పబోవునది చదివి గ్రహించినదే గాని చికిత్స కాదని ముందుగా మనవి చేసికొనుచున్నాము. విద్యాభివృద్ధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు మాకంటె సమర్థులు నిన్ననే మాటలాడిరి. మేము మోకాళ్లను గూర్చి మాటలాడుదుము.

నవ్వకుడు. నిన్నటి సాయంకాలము ఈ పందిటిలో పెద్దలను చాపలపై కూర్చుండుమని కోరగా, సగమునకు పైగా కుర్చీలు కావలెననిరి. చాపపై కూర్చున్నవారిని లేవదీయుటకు మనుమలు రావలసివచ్చెను. వీరెవ్వరును సోమరులు కారు. కొబ్బరిచెట్లెక్కినవారు, నౌపడ ఉప్పుమడులలో తట్టలు మోసినవారు, పలాసలో ప్రొద్దుమాపులు నేలపై చతికిలబడి జీడిపిక్కలు కొట్టినవారు. ఈ నొప్పికి మన ప్రాంతమున 'వాతము' అని యొక పేరు, 'అరుగుదల' అని యొక పేరు. రెంటికిని మందు మాత్ర మొక్కటే: అంగడిలో చీటీ లేకయే దొరకు నొప్పిబిళ్ల. ఈ యొక్క మందు అలవాటు మా యింటిలో నేమి చేసినదో తరువాత చెప్పెదము. ముందు కీలులోపల నేమి జరుగుచున్నదో చూతము.

మేకమాంసము కొన్నవారెల్లరు కాలి కీలును చూచియే యుందురు. ఎముక కొనపై తెల్లగా, నున్నగా, లేతకొబ్బరివలె మెరయు నొక పూత యుండును. అదియే మృదులాస్థి. మన మోకాటిలో దాని మందము చాలచోట్ల 2 మొదలు 4 మిల్లీమీటర్లు. దానిలో రక్తనాళములు లేవు, నరములును లేవు. అందుచేత అది చెడుట కారంభించినప్పుడు మనకు తెలియనే తెలియదు. నొప్పి తెలిసిన నాటికి చుట్టునున్న పొరయు, క్రిందనున్న యెముకయు గూడ వ్యాధికి లోబడియుండును.

ఆ పూత బరువులో నూటికి 65 మొదలు 80 పాళ్లు నీరే. నీరు మనుష్యుని బరువు నెట్లు మోయును? మన యూరి వస్తువులు రెండు తలచుకొన్నచో నిది సులభముగా బోధపడును: కొబ్బరిపీచు, ఉప్పు. మృదులాస్థిలో కొల్లాజెన్ అను మాంసకృత్తు ముప్పేట త్రాడువలె పేనబడి, ఆ త్రాళ్లన్నియు వలవలె అల్లుకొనియుండును. ఆ వల కన్నులలో అగ్రెకాన్ అను మఱియొక పదార్థము క్రిక్కిరిసియుండును. అది సీసాలు కడుగు బ్రష్షువంటిది. నడుమ నొక కాడ, చుట్టును కుచ్చువలె చక్కెరజాతి గొలుసులు. ఆ గొలుసులపై ఋణవిద్యుత్తు మెండు. కావున నది సోడియము కణములను, వానివెంట నీటిని తనలోనికి లాగికొనును. వానకాలమున నౌపడ ఉప్పుబస్తాలు గాలిలోని తేమను లాగికొని చెమర్చుట మీ రెరుగుదురు. లాగు విధము వేరైనను ఆశ యట్టిదే. ఉప్పు నీటిని లాగి ఉబ్బవలెనని చూచును. పీచువల ఉబ్బనీయక బిగించి పట్టును. ఈ పెనుగులాటయే కీలునకు బలము. అడుగు వేసినప్పుడు నీరు కొంత బయటికి పోవును. అడుగెత్తినప్పుడు మరల లోనికి వచ్చును. రక్తము లేని యా పూతకు ఆహారము చేరునది ఈ రాకపోకలవలననే. నడువని కీలు ఆకలిగొన్న కీలని చెప్పవచ్చును.

ఇక కీలు చెడుటను గూర్చి. బండియిరుసు అరిగినట్లు కీలరుగునని మనవారి నమ్మకము. చిరకాలము వైద్యులు గూడ నట్లే తలచిరి. అది పూర్తిగా అసత్యము కాదు గాని, అందులో ముఖ్యవిషయము లోపించినది. ఇనుము తన్ను తాను తినదు. మృదులాస్థి తినును! దానిలో అక్కడక్కడ గూడు కట్టుకొనియున్న కణములు కొత్త పీచును, కొత్త 'ఉప్పును' తయారుచేయుటయే గాక, పాతబడినదానిని కత్తిరించు ఎంజైములను గూడ తయారుచేయును. ఎంజైమనగా తాను వ్యయము గాక ఇతరపదార్థములను విడగొట్టునట్టి, కూర్చునట్టి మాంసకృత్తు. నోటిలోని లాలాజలమందు నున్నది; కడుపులో నున్నది; పచ్చిబొప్పాయి పాలలో నున్నది. ముదురుమాంసము ఉడుకనప్పుడు మన యాడవారు పచ్చిబొప్పాయి ముక్క యొకటి వేయుదురు గదా. మాంసమును మెత్తపరచునది అందలి పపాయిన్ అను ఎంజైము.

ఈ బొప్పాయి ఎంజైముతోనే యొక వింత బయటపడినది. న్యూయార్కులో లూయిస్ థామస్ అను వైద్యుడు కుందేళ్ల నరములలోనికి పపాయిన్ ఎక్కించెను. కొన్ని గంటలలో, ఎల్లప్పుడును నిక్కియుండు వాని చెవులు వాడిన తమలపాకులవలె వ్రేలాడబడినవి. కుందేళ్లకు మఱి యే బాధయు లేదు. చెవులను నిలుపు మృదులాస్థిలోని ఉప్పువంటి పదార్థమును ఎంజైము కరగించివేసినది. పీచు మాత్రము నిలిచినది. కొలది దినములలో కణములు ఆ పదార్థమును మరల తయారుచేయగా చెవులు తిరిగి నిక్కినవి. ఆయన దీనిని 1956లో ప్రకటించెను. చెవులు వాలుటకంటె అవి మరల లేచుటయే మాకు ముఖ్యముగా తోచుచున్నది. పీచు నిలిచియున్నంతవరకు కీలు మరల కోలుకొనవచ్చునన్నమాట.

అట్లయిన పీచును ఎవరు తెంపుదురు? ఈ ముప్పేట త్రాడు సామాన్యమైన ఎంజైములకు లొంగదు. దానికి జవాబు కప్పపిల్ల తోకలో దొరకినది. తోకకప్ప కప్పగా మారునప్పుడు దాని తోక ఊడిపడదు, లోలోపల జీర్ణమైపోవును. ఇది మన చెరువులలో ప్రతి వానకాలమున జరుగుచునే యున్నది; మేము చిన్ననాడు గాజుసీసాలో పెట్టి చూచినవారమే గాని, ఆ తోక యెక్కడికి పోయినదని యడిగినవారము కాము. అమెరికాలో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియర్ అను నిరువురు అడిగిరి. 1962లో వారా తోకముక్కలనుండి కొల్లాజెన్ త్రాటిని తెంపు ఎంజైమును కనుగొనిరి. దానికి కొల్లాజినేజ్ అని పేరు. అది త్రాటిని ఎక్కడబడితే అక్కడ తెంపదు. సరిగా ముప్పాతిక పొడవున నొక్క తావుననే తెంపును. తెగిన ముక్కలు శరీరపు వేడికే పురివిప్పుకొని, ఎముకల పులుసులోని జిగురువలె నగును. ఆ పిమ్మట తక్కిన ఎంజైములు వానిని సులభముగా భుజించును.

నడుమ యశదము, అనగా జింకు, అణువును ధరించిన యీ జాతి ఎంజైములు మనుష్యునియందు 23 కలవని తేలినది. మన కీళ్లవ్యాధిలో పీచును తెంపు పనిలో వానిలో 13వ సంఖ్య గలది ముఖ్యము. ఉప్పువంటి అగ్రెకానును కత్తిరించునవి వేరొక కుటుంబమువి. వానిని 1999లో గుర్తించిరి. వానిలో నొకదానిని పుట్టుకతోనే పనిచేయకుండ చేసిన యెలుకలకు, కీలు చెడగొట్టినను మృదులాస్థి చాలవరకు నిలిచినదని 2005లో రెండు పరిశోధకబృందములు చూపినవి. ఆరోగ్యవంతుని కీలులో గూడ ఈ కత్తెరలన్నియు నుండును. వానికి ఒరలు గూడ కలవు. టింపులను నాలుగు నిరోధకములు వానిని పట్టి యుంచును. కత్తెరలు ఒరలను మించినప్పుడే వ్యాధి. మొదట ఉప్పు పోవును, నీరు పోవును, పూత మెత్తబడును. అటు తరువాత దిక్కులేని పీచు తెగును.

ఉప్పు పోయిన తిరిగి వచ్చుననుటకు కుందేటి చెవులే సాక్షి. పీచు పోయిన? దీనికి జవాబు చెప్పినవి అణ్వస్త్రములు! 1950, 60 ప్రాంతములందు జరిగిన పరీక్షలవలన భూమిమీది గాలిలో కార్బన్-14 హెచ్చి, పిమ్మట క్రమముగా తగ్గినది. ఏ సంవత్సరమున పుట్టిన పీచులో ఆ సంవత్సరపు గాలి గురుతుండును. డెన్మార్కు శాస్త్రజ్ఞులు మోకాటి మృదులాస్థిని ఇట్లు పరీక్షించి, యౌవనము దాటిన పిమ్మట అందు కొత్త కొల్లాజెన్ దాదాపు చేరదని 2016లో తెలిపిరి. రోగుల కీళ్లలోను, ఆరోగ్యవంతుల కీళ్లలోను ఒకటే ఫలితము. ఇరువదియేండ్ల నాడు దేవుడిచ్చిన వలతోనే ఎనుబదియేండ్లవరకు చేపలు పట్టవలెను.

మరి కత్తెరలు ఒరలనుండి బయటికి వచ్చుట కెవరి యాజ్ఞ? ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో హానర్ ఫెల్ అను విదుషి, తన తోడి పరిశోధకునితో గూడి, పంది కీలునుండి మృదులాస్థిముక్కను, కీలులోని లోపొరను తీసి ఒకే గిన్నెలో బ్రతికించి చూచెను. ఆ పొర చేరువనున్న మృదులాస్థి, పొర తన్ను తాకకున్నను, కరగసాగినది. కణములు చచ్చిన ముక్క మాత్ర మట్లు దూరమున కరగలేదు. 1977లో ప్రకటింపబడిన ఈ ప్రయోగమునకు భావ మేమనగా, పొర యేదో కబురు పంపుచున్నది. ఆ కబురు విని మృదులాస్థిలోని కణములే తమ యిల్లు తాము కూల్చుకొనుచున్నవి. ఆ కబురులలో ముఖ్యమైనవి ఇంటర్‌లూకిన్-1 అనియు, టి.ఎన్.ఎఫ్. అనియు తరువాత తెలిసినది.

ఇక్కడ రెండు వ్యాధులను విడదీసి చెప్పవలసియున్నది. మన పేదలకు జరుగు నష్టమంతయు వీని నొకటిగా తలచుటవలననే.

ఒకటి అరుగుదల, లేక సంధివాతము. మోకాళ్లపై పడు భారము, పాత దెబ్బలు, స్థూలకాయము, వయస్సు, వంశము, ఇవన్నియు కలిసి కణములను బాధించి, అవి కొద్దికొద్దిగా కబురులు పంపుకొనును. తెగిన పీచుముక్కలు గూడ మఱిన్ని కబురులగును. ఉదయమున కీలు బిగిసినను అరగంట లోపల సడలును. రెండవది ఆమవాతము. ఇందు శరీరరక్షణకై యున్న సైన్యమే కీలు లోపొరపై దండెత్తును. పొర వాచి, పెరిగి, మృదులాస్థిమీదికి ప్రాకి దానిని తినును. ఇది స్త్రీలలో హెచ్చు. చేతివ్రేళ్ల కణుపులు, మణికట్లు, రెండు ప్రక్కల నొకేరీతిగా వాచును. ఉదయపు బిగువు గంటకు మించి యుండును. దీనికి వయస్సుతో పనిలేదు. ముప్పదియేండ్ల యిల్లాలికిని వచ్చును. చికిత్స మొదటి నెలలలో నారంభించినచో కీలు దక్కును. ఆలస్యమైనచో పీచు తెగిపోవును, తెగినది తిరిగి రాదు.

ఈ ఆమవాతమునకు నేడు ప్రపంచమంతట మొదట నిచ్చు మందు మెథోట్రెక్సేటు. దాని పుట్టుక మన తెలుగువారికి సంబంధించినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు నాయకులై యుండిన కాలమున, అక్కడ 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. దానికి విరోధులైన పదార్థములను గూడ అక్కడనే తయారుచేసిరి. వానిలో అమినోప్టెరిన్ అనుదానిని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుగల పిల్లలకిచ్చి 1948లో ఫలితములు ప్రకటించెను. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావుగారు కాలధర్మమొందిరి. ఆ మందు కీళ్లవ్యాధికి గూడ పనికివచ్చునని 1951లో గబ్నర్ అను వైద్యుడు వ్రాసినను లోకము అంతగా లక్ష్యపెట్టలేదు. దాని తమ్మునివంటి మెథోట్రెక్సేటును ఆమవాతమున కుపయోగించుటకు అమెరికా ప్రభుత్వశాఖ 1988లో అనుమతించెను. ఈ మందు తినువారికి, దాని బాధలు తగ్గుటకై, ఫోలిక్ ఆమ్లపు బిళ్లలు గూడ నిత్తురు. విషమును, విరుగుడును ఒక్క ప్రయోగశాలనుండియే వచ్చినవి! తరువాత టి.ఎన్.ఎఫ్. కబురును నడుమనే పట్టుకొను మందులను లండనులో ఫెల్డ్‌మన్, మైనీ అనువారు 1992 మొదలు రోగులలో పరీక్షించి విజయమందిరి. అవియు వచ్చినవి గాని ఖరీదు హెచ్చు.

మెథోట్రెక్సేటును గూర్చి రెండు మాటలు మరువరాదు. అది వారమున కొక్కదినము మాత్రమే తినవలసిన మందు. ప్రతిదినము తిని ప్రాణములు గోల్పోయినవారు కలరు. రెండవది, అది మూత్రపిండముల ద్వారా వెడలవలెను. అవి చెడియున్నచో మందు రక్తమున నిలిచి విషమగును. గర్భిణులకు తగదు, కాలేయపరీక్షయు, రక్తపరీక్షయు ఎప్పటికప్పుడు చేయించుకొనుచుండవలెను.

ఇప్పుడు మా యింటి సంగతి. మా అప్పగారికి నలుబదియైదవయేట వ్రేళ్లు వాచినవి. వాతమన్నారు. ఒక మందుల అంగడిలో ఎఱ్ఱబిళ్లలు తెచ్చుకొని, నొప్పి తగ్గగానే వంటయింటికి పోయెడిది. ఎనిమిది సంవత్సరములు తినెను. చదువుకొన్నవారము, రసాయనశాస్త్రము బోధించువారము, మేమా బిళ్లలను చాలమారులు మా చేతులతో తెచ్చియిచ్చితిమి. అందేమున్నదో పెట్టెపై వ్రాసియుండినను చదువలేదు. వ్రేళ్లు వంకరపోయిన తరువాత పట్టణమునకు గొనిపోగా, వైద్యుడు ఇది ఆమవాతమనియు, మెథోట్రెక్సేటు ఇవ్వవలసినదనియు చెప్పి రక్తపరీక్ష చేయించెను. క్రియాటినిన్ హెచ్చియుండెను. మూత్రపిండములు సగమునకు పైగా చెడినవి. ఉద్దానపు వ్యాధి చేసిన దెంతో, బిళ్లలు చేసిన దెంతో విడదీసి చెప్పజాలనని వైద్యుడనెను. మన తెలుగువాని ప్రయోగశాలనుండి వచ్చిన మందు ఆమెకు లేకపోయెను.

ఆ బిళ్లలు మూత్రపిండములను చెఱుచు విధము శాస్త్రజ్ఞులకు తెలిసినదే. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మొదలగునవి ప్రోస్టాగ్లాండిన్ అను పదార్థము పుట్టకుండ చేయునని జాన్ వేన్ చూపిన త్రోవ 1971 నాటిది. ఆ పదార్థము కీలులో నొప్పిని, వాపును హెచ్చించును. అదే పదార్థము, ఒంటిలో నీరు తగ్గినప్పుడు, మూత్రపిండములకు రక్తము చాలునట్లు చూచును. ఎండలో పనిచేసి చెమటోడ్చి, నీరు చాలక, బిళ్ల మ్రింగినవాని గతి మీరే యూహింపుడు. పోనీ, కీలైనను దక్కునా? దక్కదు. ఆ బిళ్ల నొప్పిని చల్లార్చును గాని కత్తెరలను ఒరలో పెట్టదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములందు మూత్రపిండవ్యాధి కారణ మిదియేనని యెవరును నిశ్చయింపలేదు. కారణమేదైనను, ఆ వ్యాధి గల తావున ఈ బిళ్లలు నిప్పుమీద నేయి. పలాసలో 2023 డిసెంబరు 14వ తేదీన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనది. అక్కడి మంచములు నింపుటకు మన వంతు సాయము చేయనక్కరలేదు. 'నాటుమందు' పేర అమ్మెడి పొట్లములలో స్టీరాయిడు కలిపియుండుట గూడ మన దేశమున పరీక్షలలో పలుమారులు బయటపడినది. ఒక్క మోతాదుతో నొప్పి మాయమైనచో సంతోషింపక సందేహింపుడు.

అరుగుదలకు కత్తెరల నాపు మందు లేదా యని యడుగుదురు. నేటివరకు లేదు. ఈ ఎంజైములన్నిటిని కట్టివేయు మందులను క్యాన్సరు రోగులకిచ్చి చూడగా వారి భుజములు బిగిసి కీళ్లు నొచ్చినవి. శరీరపు నిత్యపుటూడ్పునకు ఆ చీపురే కావలయును గదా. టెట్రాసైక్లిన్ జాతి మందులు కొల్లాజినేజును అణచునని 1983లో తెలిసినది. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ గూడ సుబ్బారావుగారి లెడర్లీలోనే పుట్టినది. ఆ జాతికి చెందిన డాక్సీసైక్లినును మోకాటి అరుగుదల గల 431 మంది స్త్రీలపై పరీక్షించి 2005లో ఫలితము చెప్పిరి: కీలు సందు తరుగుట కొంత మందగించినది గాని నొప్పి తగ్గలేదు. కావున దాని నెవరును కొని తినవలదు. రొయ్యపెంకులనుండి తీయు గ్లూకోసమీనును గూర్చి మన తీరవాసులకు ఆశ మిక్కుటము. 2006లో అమెరికాలో 1,583 మందిపై జరిగిన పరీక్షలో, మొత్తముమీద, అది ఉత్తిబిళ్లను మించలేదు.

మందు లేకున్నను పని కలదు. ఒక కిలో బరువు తగ్గినచో అడుగడుగునకు మోకాటిపై నాలుగు కిలోల భారము తగ్గునని లెక్కించియున్నారు. తొడకండరమునకు బలము వచ్చిన కీలునకు బరువు తగ్గును: కుర్చీలో కూర్చుండి కాలు చాచి, పది లెక్కించువరకు నిలిపి, దింపవలెను, ఉదయము పదిమారులు, సాయంకాలము పదిమారులు. నొప్పిగల చోట పూయు లేపనములు రక్తములోనికి చాల తక్కువగా పోవును. మూత్రపిండములు చెడినవారు వానిని గూడ వైద్యు నడిగియే వాడవలెను.

సంఘపోషకులకు మాదొక విన్నపము. మనవంటి సంఘములవారు వైద్యశిబిరములు పెట్టినప్పుడు, వచ్చినవారికెల్ల నొప్పిబిళ్లల పొట్లములు పంచిపెట్టుట మేము పలుచోట్ల చూచితిమి. దాతల యుద్దేశము మంచిదే. రాబోవు శిబిరమున ఆ పొట్లములకు బదులు క్రియాటినిన్ పరీక్షకు ద్రవ్యము నీయుడు. వ్రేళ్లు వాచిన స్త్రీలను వేరుగా కూర్చుండబెట్టి, కీళ్లవైద్యునికి చూపింపుడు. జీడిపిక్కల కర్మాగారములు గల పోషకులు ఈ సభలోనే యున్నారు. పనివారికి నేలకు బదులు పీటలో, బల్లలో వేయించినచో వారి మోకాళ్లు కొన్ని సంవత్సరములు హెచ్చుగా నిలుచును, మీ పనియు నిలుచును.

ఉపన్యాసము ముగిసిన పిమ్మట వెనుకవరుసనుండి యొక ముసలమ్మ లేచి, "బాబూ, బొప్పాయి తింటే నా మోకాళ్లు కూడా ఆ కుందేటి చెవుల్లా కరిగిపోతాయా?" అని యడిగెను. సభ నవ్వినది గాని ప్రశ్న సరియైనదే. కరుగవని చెప్పితిమి. పపాయిన్ గూడ మాంసకృత్తే. కడుపులో మన ఎంజైములే దానిని చాలవరకు జీర్ణము చేయును, కీలువరకు పోదు. కుందేటికి నేరుగా నరములోనికి ఎక్కించిరి. పండిన బొప్పాయిలో పపాయిన్ మిక్కిలి తక్కువ గూడను. ఆమె తృప్తిపడి కూర్చుండబోయి, కూర్చుండలేక, కుర్చీ యడిగెను.